ది ఎక్స్ బ్యాండ్ రికార్డులు మూడు కొన్నా, ముందు ఏది వినాలో చెప్తా

ఫ్రెండ్ ఒకడు నెదర్లాండ్స్ నుంచి సెలవుకి వస్తూ ఏం తేవాలిరా అని అడిగితే, చాక్లెట్లు వద్దు ఒక బ్యాండ్ రికార్డులు తెచ్చిపెట్టు చాలు అని లిస్ట్ పంపించా. రెండు తెచ్చాడు. మూడోది దొరకలేదంటే నేనే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకున్నా, అది మూడు వారాలకి ఒక మూల నలిగిపోయి వచ్చింది, పైన కస్టమ్స్ డ్యూటీ కూడా కట్టా. అయినా సరే ఈ మూడూ రెండు నెలలుగా ఇంట్లో తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి, వీటి గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు నాకు కనపడలేదు కాబట్టి, కూర్చుని రాస్తున్నా. కొంచెం పెద్దదే అవుద్ది.

బ్యాండ్ పేరు ది ఎక్స్. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు, 1979లో మొదలెట్టారు, ఇప్పటికీ కచేరీలు చేస్తున్నారు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఖాళీగా పడున్న బిల్డింగుల్లోకి కుర్రాళ్లు వెళ్లి కాపురం పెట్టే ఉద్యమం ఒకటి గట్టిగా నడిచేది, ఇళ్లేమో తాళాలేసి ఉంటాయి మనుషులేమో రోడ్డు మీద ఉంటారు ఇదేం న్యాయం అని, వీళ్లు అందులోంచి వచ్చినవాళ్లు. గోడ మీద రెండు సెకన్లలో స్ప్రే కొట్టి పారిపోగలిగేంత చిన్న పేరు కావాలని ఎక్స్ అని పెట్టుకున్నారు. ఎవరు ఏ వాయిద్యం వాయించాలనేది చీటీలు తీసి తేల్చుకున్నారు, అంటే అప్పటికి ఎవడికీ ఏదీ వాయించడం రాదు. వీళ్లది పంక్ అనే మోటు రాక్ సంగీతం, పంక్ అంటే ఎక్కువమందికి నిలువుగా లేపిన జుట్టు, చిరిగిన జీన్సు, గిటార్ మీద మూడే మూడు పట్లు, అరుపులు గుర్తొస్తాయి. వీళ్లు కూడా మొదట్లో అరిచారు, 1980లో వచ్చిన ఫస్ట్ రికార్డులన్నీ అరుపులే. కానీ అక్కడ ఆగలేదు, నాకు వీళ్ల మీద ఇంత ప్రేమ రావడానికి కారణం అదే.

ముందు ఒక మాట చెప్పేసి రికార్డుల్లోకి వెళ్తా. రాజకీయాలు మాట్లాడే బ్యాండ్లు బోలెడున్నాయి, జానపదం కలిపే బ్యాండ్లు కూడా బోలెడున్నాయి. ఊరి పాట ఒకటి తెచ్చి దాని కింద గిటార్ వేసి స్టేజి ఎక్కేస్తారు, ఆ పాట ఎవరిది, ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, డబ్బులొస్తే అందులో ఆ ఊరికి ఏమైనా పోయిందా అంటే ఎవరూ మాట్లాడరు. మన దగ్గర కూడా అంతే కదా, పొలంలో నాట్లేసే ఆడవాళ్లు కట్టుకున్న పాట సినిమాలో పెద్ద హిట్ అవుద్ది, పేరు దగ్గర "సాంప్రదాయం" అని రాసి వదిలేస్తారు. ది ఎక్స్ వాళ్ల తేడా ఇక్కడే ఉంది. వీళ్లు పాట ఎవరిదో వాళ్ల దగ్గరికే పోతారు, వాళ్ల పక్కన నిలబడి వాయిస్తారు, అవసరమైతే వాళ్ల వెనక్కి తప్పుకుంటారు. నాకు తెలిసి వీళ్ల రాజకీయం అసలు ఉన్నది ఇందులోనే, పాటల మాటల్లో ఉన్నదానికన్నా ఇందులోనే ఎక్కువ ఉంది.

ఇక మొదటిది: 1936, ది స్పానిష్ రెవల్యూషన్. 1986లో తెచ్చారు, అంటే స్పెయిన్ విప్లవానికి సరిగ్గా యాభై ఏళ్లు. ఇది రికార్డా పుస్తకమా అంటే రెండూ. 144 పేజీల ఫోటోల పుస్తకం, దాంతో పాటు రెండు చిన్న రికార్డులు, మొత్తం నాలుగే పాటలు. నా దగ్గరున్నది 1997లో మళ్లీ వేసిన ఎడిషన్, అందులో రికార్డుల బదులు రెండు బుల్లి సీడీలు, మూడు అంగుళాలవి, అరచేతిలో పట్టేస్తాయి. ఒక జాగ్రత్త చెప్పాలి, ఈ బుల్లి సీడీలు కారు స్టీరియోలో పెట్టకండి, స్లాట్‌లోకి లాక్కునే ప్లేయర్ ఏదైనా సరే అందులో పెడితే లోపలే ఇరుక్కుంటాయి. ట్రే బయటికొచ్చే పాత ప్లేయర్ ఉంటే దాని మధ్యలో చిన్న గుంట ఉంటుంది చూడండి, కరెక్టుగా దీని సైజే, అందులో కూర్చుంటుంది. ఇన్నేళ్లూ ఆ గుంట దేనికో నాకు తెలియదు.

పుస్తకం గురించి. 1936 జూలైలో స్పెయిన్‌లో సైన్యం తిరగబడితే బార్సిలోనాలో కార్మికులు తుపాకులు పట్టుకుని వీధుల్లోకొచ్చి ఆపారు, ఆపాక ఇంటికి పోలేదు, ఫ్యాక్టరీలు, ట్రాములు, హోటళ్లు, పొలాలు అన్నీ వాళ్లే నడిపించుకోవడం మొదలెట్టారు. ఆ నెలల్లో తీసిన ఫోటోలు ఇవి. సీఎన్‌టీ అనే కార్మిక సంఘం వాళ్ల ఆర్కైవ్‌లోవి. తిరగబడ్డ సైన్యం నాయకుడు ఫ్రాంకో గెలిచే టైంకి ఆ సంఘం కాగితాలు దేశం దాటించి కాపాడారు, అవి చివరికి ఆమ్‌స్టర్‌డామ్‌లోని సామాజిక చరిత్ర సంస్థకి చేరాయి, అంటే ఈ కుర్రాళ్ల ఊళ్లోనే ఉన్నాయన్నమాట. ఎక్కడో దూరదేశం కథ అనుకుని ఊరుకోకుండా పక్క వీధిలో పెట్టెల్లో పడున్నదాన్ని బయటికి తీసి అందరికీ చూపించారు. పుస్తకం తిప్పుతుంటే నాయకుల ఉపన్యాసాల కంటే పని చేసేవాళ్ల మొహాలే గుర్తుండిపోతాయి. లారీ పక్కన పెద్ద అక్షరాలతో సంఘం పేరు రాసి ఉంటుంది, ఆ రంగు కింద కొంచెం కారి ఉంటుంది, తొందరలో రాసినట్టు, నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయా.

పాటలు నాలుగే అన్నా కదా, అందులో రెండు అక్కడి జనం పాటలే. ఒకటి "ఎల్ ట్రెన్ బ్లిందాదో". దీని బాణీ అంతకుముందే ఉన్న జానపదం, కవి లోర్కా సేకరించి 1931లో తనే పియానో వాయించి రికార్డు చేయించినది, యుద్ధం వచ్చాక జనం అదే బాణీకి కొత్త మాటలు కట్టుకున్నారు. ఆ యుద్ధం మొదట్లోనే లోర్కాని చంపేశారు. ఇంకోటి "ఆయ్ కార్మెలా", ఇది ఇంకా పాతది, నెపోలియన్ మీద కొట్లాడిన రోజుల నుంచి నలుగుతూ వచ్చిన పాట. మన ఉద్యమాల్లో కూడా ఇంతే కదా, ఉయ్యాల పాట బాణీ, కోలాటం బాణీ అందరికీ నోటికి వచ్చినవి, వాటికే కొత్త మాటలు పడతాయి, అందుకే రాత్రికి రాత్రి ఊళ్లు దాటేస్తాయి. ది ఎక్స్ వీటిని అందంగా పాడలేదు. గిటార్లు గరగరలాడుతుంటాయి, డ్రమ్ముల మీద నడక దరువు, గొంతులు ఒకదానికొకటి సరిగ్గా కలవవు. అలా పాడటమే కరెక్ట్ అనిపించింది నాకు, వీధిలో జనం పాడితే అలాగే ఉంటది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పుస్తకంలో అక్షరాలు చిన్నవి, చత్వారం ఉన్నవాళ్లకి కష్టం. నాలుగు పాటలకి ఇంత ధరా అని అనిపించొచ్చు. దీన్ని మ్యూజిక్ కోసం కొనకండి, పుస్తకం కోసం కొనండి, పాటలు దానికి తోడు అనుకోండి.

ఇదే దారిలో వీళ్లది 1983లో వచ్చిన ఇంకో రికార్డు ఉంది, డిగ్నిటీ ఆఫ్ లేబర్ అని, నాలుగు చిన్న రికార్డుల పెట్టె. వోర్మెర్ అనే ఊళ్లో వాన్ గెల్డర్ అనే కాగితం మిల్లు మూతపడితే దాని మీద చేశారు. పాటలన్నిటికీ ఒకటే పేరు, 1 నుంచి 8 వరకు నంబర్లు మాత్రం మారతాయి, ఆ పేరు అర్థం పీల్చేసి అవతల పారేశారు అని. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి మళ్లీ 2018లో తెరుచుకునేదాకా ఆ ఊరు ఎట్లుందో చూసినవాళ్లకి ఈ రికార్డు గురించి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. పెట్టె నా దగ్గర లేదు, పాటలు మాత్రం విన్నా.

రెండోది స్క్రాబ్లింగ్ యాట్ ది లాక్, 1991. అమెరికన్ చెల్లో కళాకారుడు టామ్ కోరాతో కలిసి చేసింది. చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దన్నలాంటిది, కాళ్ల మధ్య నిలబెట్టి వాయిస్తారు, మామూలుగా కోటు వేసుకున్నవాళ్లు కదలకుండా కూర్చుని వాయించే వాయిద్యం. ఈయన దాన్ని పంక్ బ్యాండ్ మధ్యలో పెట్టి ఒక పక్క రంపంలా కోస్తాడు, ఇంకో పక్క పల్లెటూరి ఫిడేలులా ఏడిపిస్తాడు. అసలు ఈ ఆల్బమ్ మొత్తం నాకు ఒక్క పాట కోసం చాలు, "హిదెగెన్ ఫూయ్‌నక్ ఎ సెలెక్", చల్లగాలులు వీస్తున్నాయి అని అర్థం, హంగేరియన్ జానపదం. పాడింది డ్రమ్మర్ కాథరీనా బోర్నెఫెల్ట్. ఈమె 1984లో బ్యాండ్‌లో చేరింది. ఈమె డ్రమ్మింగ్ రాక్ డ్రమ్మింగ్ లాగా ఉండదు, తాళం పళ్లేల మీద ఆధారపడకుండా పెద్ద డోళ్ల మీద, ఎద్దు మెడలో గంట లాంటి కౌబెల్ మీద దరువు నడుపుద్ది, ఎక్కడో జాతరలో విన్నట్టు ఉంటది. ఈ పాటలో ఆమె గొంతు ఏ సోకూ లేకుండా తిన్నగా వస్తుంది, గమకాలు లేవు, ఏడుపు లేదు, చెప్పాల్సింది చెప్తున్నట్టు. గిటార్లు కింద నుంచి మెల్లగా లేస్తాయి, మెల్లగా అంటే నిజంగా మెల్లగా, మీకు తెలియకుండానే గది నిండిపోద్ది. మొదటిసారి విన్నప్పుడు నేను బస్సులో ఉన్నా, ఉప్పల్ దాటాక పెట్టుకున్నా, ఘట్‌కేసర్ వచ్చేదాకా అదొక్కటే తిప్పి తిప్పి విన్నా.

మిగతా పాటల్లో ఎక్కువ జి.డబ్ల్యు. సోక్ గొంతే, ఆయన అప్పటి సింగర్, పాడడు, మాట్లాడతాడు, వాదిస్తాడు. మాటలు బావుంటాయి, పత్రికలో సంపాదకీయం చదివినంత సూటిగా ఉంటాయి, కానీ వరుసగా నాలుగు పాటలు అదే పట్టులో వస్తే నాకు కొంచెం అలసట వచ్చింది, ఉన్నమాట చెప్పాలి కదా. ఇంగ్లీష్ మాటలు చదువుకుంటూ వింటే ఆ ఇబ్బంది తగ్గుద్ది. కోరాతో 1993లో ఇంకో ఆల్బమ్ కూడా చేశారు, అదీ మంచిదే. ఆయన 1998లో చనిపోయాడు, నలభై దాటిన కొన్నేళ్లకే.

ఇప్పుడు మూడోది, నలిగిన మూలతో వచ్చినది. మోవా అన్బెస్సా, 2006. నిజానికి ఈ రివ్యూ దీని కోసమే.

ఇథియోపియాలో గెటాచ్యూ మెకూరియా అని శాక్సాఫోన్ విద్వాంసుడు, 1935లో పుట్టాడు, ఆడిస్ అబాబాలో పోలీస్ ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి వాయించాడు. అక్కడ షెల్లెలా అని ఒక పద్ధతి ఉంది, యుద్ధానికి పోయే ముందు వీరుడు గొంతెత్తి సవాలు చేసే పాట, నేను ఫలానావాడి కొడుకుని, రా చూసుకుందాం అనే టైపు. అది నోటితో చేసేది. దాన్ని ఈయన శాక్సాఫోన్ మీదకి తెచ్చాడు, 1950ల్లోనే. స్టేజి మీద సింహం జూలుతో చేసిన వీరుడి వేషం వేసుకుని వాయించేవాడు. ఎవరి దగ్గరా విదేశీ జాజ్ నేర్చుకుని వాయించింది కాదు, సొంత ఊరి కేక అది.

ది ఎక్స్ వాళ్లు 2002లో ఇథియోపియా వెళ్లి అక్కడ తిరిగి కచేరీలు చేశారు. 2004లో బ్యాండ్‌కి 25 ఏళ్లు నిండినప్పుడు ఈయన్ని ఆమ్‌స్టర్‌డామ్ పిలిపించారు. అక్కడ ఈయన వీళ్ల వాయిద్యం విని, నా బ్యాండ్‌గా మీరు వాయిస్తారా అని అడిగాడు. ఇది గమనించండి, అడిగింది ఆయన. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, సంప్రదాయం తెలిసిన మనిషి, పంక్ బ్యాండ్‌ని చూసి వీళ్లయితే నా పాటకి సరిపోతారు అనుకున్నాడు. పాతికేళ్ల పేరున్న బ్యాండ్, అయినా సరే వీళ్ల పాటలు పక్కన పెట్టి ఆయన పాటలు నేర్చుకుని ఆయన వెనక నిలబడ్డారు. కవర్ మీద ముందు పేరు ఆయనది, తర్వాత వీళ్లది. రికార్డు వేసింది కూడా గిటారిస్ట్ టెర్రీ నడిపే సొంత లేబుల్ టెర్ప్ మీదే, మధ్యలో పెద్ద కంపెనీ ఎవరూ లేరు.

వినడానికి ఎలా ఉంటదంటే, మొదటి పాట "ఎథియోపియా హగెరె" మొదలవగానే ఆయన శాక్స్ గొంతు వణుకుతూ వస్తది, ఆ వణుకు అంత పెద్దదిగా ఉంటది, స్వరం చుట్టూ తిరిగి తిరిగి కూర్చుంటది. కింద టెర్రీ, ఆండీ మూర్ గిటార్లు రెండూ రాగం వాయించవు, దరువు వాయిస్తాయి, తీగలు గీరుతూ కొడుతూ. కాథరీనా దరువు అలా దొర్లుతూనే ఉంటది. "చే బెలెవ్ షెల్లెలా" అనే దాంట్లో అయితే శాక్స్ పాడటం మానేసి కేకలేస్తది. దాని కింద పంక్ బ్యాండ్ మోత, అదేం పరాయిగా అనిపించదు, ఆ కేకకి ఆ మోతే సరైన జోడీ. ఇథియోపియాదే వాలియాస్ బ్యాండ్ 1977లో చేసిన "ముజికావీ సిల్ట్" కూడా ఇందులో ఉంది, దీనికి మా అన్న పిల్లలు ఎగిరారు, అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు.

మన చెవులకి ఇది కొత్తగా ఉండదు, దానికి ఒక కారణం ఉంది. ఇథియోపియా సంగీతం ఎక్కువగా ఐదు స్వరాల మీద నడుస్తది. తెజెతా అనే వాళ్ల పద్ధతిలో ఒక రకం అచ్చంగా మన మోహన రాగం స్వరాలే, స రి గ ప ద. నడక వేరు, ఊపు వేరు, కానీ మెట్లు అవే. సంగీతం నేర్చుకున్న మా వదిన వంటింట్లోంచి విని "ఇది మోహనంలా ఉందేంటి" అని బయటికొచ్చింది, ఆ తర్వాతే నేను వెతికి తెలుసుకున్నా.

బాపు, అంటే మా నాన్న, ఆయన సంగతి కూడా చెప్పాలి. మా బాపు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైండు, హన్మకొండలో ఉంటడు. కుర్రతనంలో పాటల దళంతో ఊర్లు తిరిగి డప్పు కొట్టిన మనిషి, ఆ క్యాసెట్లు ఇంకా బీరువాలో ఉన్నయి. ట్రే ఉన్న పాత ప్లేయర్ ఆయన దగ్గరే ఉంది కాబట్టి అక్కడికే తీసుకుపోయి మూడూ పెట్టా. ముందు కోరాతో చేసిన సీడీ పెడితే రెండు నిమిషాలు విని "ఏందిరా ఇది, బ్రేక్ లైనింగ్ అరిగిపోయిన బండి లెక్క" అన్నడు. ఆయన చెవికి అది కరెక్టే, గిటార్ మోత నిజంగా అట్లనే ఉంటది, ఇనుము ఇనుముకి రాసుకున్నట్టు. చల్లగాలుల పాట వచ్చినప్పుడు మాత్రం ఏమీ అనలేదు, టీ గ్లాసు పట్టుకుని అట్లనే కూర్చున్నడు. తర్వాత మోవా అన్బెస్సా పెట్టా. మూడో పాటకొచ్చేసరికి కుర్చీ చెక్క మీద వేళ్లతో కొడుతున్నడు, డప్పు పుల్లలు చిర్ర ఒక చేత్తో సిటికె ఒక చేత్తో పట్టుకున్నట్టు రెండు చేతులూ వేరు వేరు దరువు. "ఈ ముసలాయన ఎవరు" అని అడిగిండు. చెప్పా. "వెనక కొట్టేటోళ్లు ఆయన్ని మింగుతలేరు, అది చూడు" అన్నడు. నేను రెండు నెలలు విని ఇన్ని పేరాలు రాసినా ఇంత కచ్చితంగా చెప్పలేకపోయా. దళంలో కూడా అదే కష్టమట, డప్పు ఎక్కువైతే పాట చచ్చిపోద్ది, పాట చెప్పేటోడి ఊపిరి చూసుకుంటూ కొట్టాలంట.

సౌండ్ క్వాలిటీ గురించి అడిగేవాళ్లకి: స్టూడియో నునుపు ఆశించొద్దు. ఎదురుగా నిలబడి వింటున్నట్టు ఉంటది, అన్నీ దగ్గరగా, గట్టిగా. ఇయర్‌ఫోన్స్ కంటే స్పీకర్లలో బావుంది, పాతవైనా పర్లేదు. బాస్ ఎక్కువ పెంచితే గిటార్ల గీకుడు మునిగిపోద్ది, ఫ్లాట్‌గా ఉంచండి.

మిగతా వాటి గురించి గబగబా. స్టార్టర్స్ ఆల్టర్నేటర్స్ 1998ది, షికాగోలో స్టీవ్ ఆల్బినీ అనే రికార్డింగ్ ఇంజనీర్ రికార్డు చేశాడు, జానపదం తక్కువ, గిటార్ మోత ఎక్కువ, మోత ఇష్టమైనవాళ్లకి. టర్న్ 2004ది, రెండు డిస్కులు, అందులో ఎరిట్రియా పాట ఉంది, కాంగో బ్యాండ్ కొనోనో బాణీ ఒకటి ఉంది, దేని దగ్గర తీసుకున్నారో పేరులోనే పెట్టేశారు. జాగర్స్ అండ్ స్మాగర్స్ 1989ది, డబుల్ ఆల్బమ్, ముక్కలు ముక్కలుగా ప్రయోగాలు, దాంతో మాత్రం మొదలెట్టకండి, మళ్లీ వీళ్ల జోలికి రారు. 2009లో సోక్ వెళ్లిపోయి ఆర్నాల్డ్ డ బూర్ వచ్చాడు, గొంతులో కోపం తగ్గి ఆట పెరిగింది, అప్పటి నుంచి బాస్ లేకుండా మూడు గిటార్లు ఒక డ్రమ్స్. 2018లో వచ్చిన 27 పాస్‌పోర్ట్స్ ఈ లైనప్‌దే. డిజిటల్‌గా అయితే బ్యాండ్‌క్యాంప్ అనే పాటలమ్మే సైట్‌లో వాళ్ల సొంత పేజీలోనే దొరుకుతాయి, కొనేముందు ఫ్రీగా వినొచ్చు, డబ్బులు కూడా నేరుగా వాళ్లకే ఎక్కువ పోతాయి, ఇండియా నుంచి కొనేవాళ్లకి అదే నయం, కొరియర్ ఖర్చు ఉండదు.

కాబట్టి నా సలహా: మొదట మోవా అన్బెస్సా, కళ్లు మూసుకుని కొనొచ్చు, ఐదుకి ఐదు. తర్వాత స్క్రాబ్లింగ్ యాట్ ది లాక్, నాలుగు, ఆ ఒక్క పాటకైతే పదికి పది. 1936 పుస్తకానికి చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్ల దగ్గర ఐదు, కేవలం పాటల కోసం వచ్చినవాళ్ల దగ్గర మూడు.

గెటాచ్యూ 2016 ఏప్రిల్‌లో చనిపోయాడు. అంతకుముందు 2012లో ఇదే బ్యాండ్‌తో ఇంకో రికార్డు చేసి పెట్టాడు, యాన్బెస్సావ్ తెజెతా అని. వచ్చే నెల జీతం పడగానే అది ఆర్డర్ పెడుతున్నా, ఈసారి రెండు కాపీలు, ఎందుకంటే మోవా అన్బెస్సా సీడీ హన్మకొండలోనే ఉండిపోయింది, బాపు ఇవ్వనన్నడు.